అప్‌డేట్: పెల్టియర్ కూలర్ దారిలో పడింది

థర్మోకోల్ పెట్టెకి టీఈసీ1-12706 పెల్టియర్ మాడ్యూల్ (కరెంటు ఇస్తే ఒక వైపు చల్లబడి, రెండో వైపు వేడెక్కే పలక) బిగించి చేసిన కూలర్‌లో మజ్జిగ సీసా కాసేపు చల్లబడి, మళ్లీ వెచ్చబడుతోందని ఇంతకుముందు అడిగాను కదా. సలహా ఇచ్చిన అందరికీ చాలా థ్యాంక్స్.

మీరన్నట్టే తంటా అంతా వేడి వైపే ఉంది. లోపలి నుంచి లాగిన వేడీ, మాడ్యూల్ తినే కరెంటూ (12 వోల్టుల దగ్గర దాదాపు 50 వాట్లు) కలిసి అటే బయటికి పోవాలి. అరచేతిలో పట్టే హీట్‌సింక్ (వేడిని గాలిలోకి వదిలే లోహపు రెక్కల దిమ్మ) దానికి ఏ మూలకీ చాలదు. పాత కంప్యూటర్‌లోని సీపీయూ కూలర్‌ని ఫ్యాన్‌తో సహా పెట్టాను. మధ్యలో వేడి బాగా దాటేలా థర్మల్ పేస్ట్ పల్చగా రాసి, స్క్రూలు ఒక్కోటీ కొంచెం కొంచెంగా, అన్ని వైపులా సమానంగా తిప్పాను. సిరామిక్ పలక పెళుసు, ఒకవైపే బిగిస్తే పగులుతుంది.

ఇప్పుడు చల్లని ప్లేటు మీద ముందు చెమట పట్టి, తర్వాత అంచుల్లో తెల్లగా మంచు కడుతోంది. చూస్తుంటే ఎంత సంబరంగా ఉందో!

ఆ తడి వైర్ల దగ్గరికి చేరకుండా మాడ్యూల్ చుట్టూ సిలికాన్ పూశాను. ఒక్క సంగతి మిగిలింది: థర్మోస్టాట్ (చాలినంత చల్లబడగానే కరెంటు ఆపే స్విచ్) ఆఫ్ చేయగానే హీట్‌సింక్‌లోని వేడి మాడ్యూల్ గుండా వెనక్కి వస్తోంది. పూర్తిగా ఆపకుండా వోల్టేజీ తగ్గించి నడిపితే మేలా? చేసి చూసినవాళ్లు చెప్పండి.