పక్క ప్లాంటేషన్ నిప్పు మా కంచె దాటింది, నష్టం ఎవరు కట్టాలి?

ప్రశ్న:
ఆస్ట్రేలియాలో, పశ్చిమ విక్టోరియాలో మాకు 90 ఎకరాలుంది, గొర్రెలు పెంచుతాం. పక్కనే బ్లూ గమ్ (ఒక రకం నీలగిరి చెట్లు) ప్లాంటేషన్. చెట్లు కొట్టాక మిగిలిన కొమ్మారెమ్మా వరసలుగా పోసి ఏప్రిల్ మొదట్లో కాల్చారు, ఆరిపోయిందని వెళ్లిపోయారు. తొమ్మిదో రోజు ఉత్తరపు గాలి లేచింది, మధ్యాహ్నానికి నిప్పు మా మేత పొలంలో ఉంది. కిలోమీటరున్నర కంచె, ఎండుగడ్డి షెడ్డు, 43 గొర్రెలు పోయాయి. కాళ్లు కాలి నిలబడలేని ఇంకో పదకొండింటిని నేనే... సరే, అది వదిలేయండి. ప్లాంటేషన్ కంపెనీవాళ్లేమో, కాల్చింది కాంట్రాక్టరు, అతన్నే అడగమంటారు. అతనేమో కంపెనీ ఇచ్చిన ప్లాన్ ప్రకారమే చేశానంటాడు. ఎవర్ని పట్టుకోవాలి?

జవాబు 1:
కాంట్రాక్టరు మీదకి తోసేస్తే కంపెనీ బయటపడదండి. 1994లో హైకోర్టు (ఇక్కడ దేశం మొత్తానికీ పై కోర్టు అదే) బర్నీ పోర్ట్ అథారిటీ కేసు చూసింది. టాస్మేనియాలో ఆ పోర్టువాళ్ల కోల్డ్ స్టోరేజీలో కాంట్రాక్టరు మనుషులు వెల్డింగ్ చేస్తుంటే రవ్వలు అట్టపెట్టెల మీద పడి మంటలు లేచాయి, అక్కడ దాచిన వేరే కంపెనీ కూరగాయలు పాడయ్యాయి. వెల్డింగ్ చేసింది మేం కాదు అన్న పోర్టు వాదన చెల్లలేదు. అంత ప్రమాదమైన పని మన జాగాలో చేయిస్తే, జాగ్రత్త పడాల్సిన బాధ్యతని ఇంకొకరికి అంటగట్టలేం. అలాగని నిప్పు దాటింది కాబట్టి డబ్బు వచ్చేస్తుందనుకోకండి. అజాగ్రత్త జరిగిందని మీరే చూపించాలి.

జవాబు 2:
మీ సంగతికి ఇంకా దగ్గరి కేసుంది. 1961, వెస్టర్న్ ఆస్ట్రేలియా. వంద అడుగుల రెడ్ గమ్ చెట్టు మీద పిడుగు పడి అంటుకుంది. యజమాని నరికించాడు, అంతవరకూ బాగానే ఉంది, ఆ తర్వాత నీళ్లు కొట్టకుండా అదే కాలి ఆరిపోతుందిలే అని వదిలేశాడు. గాలి లేచి పక్క పొలాలు కాలిపోయాయి. 1966లో ప్రివీ కౌన్సిల్ (అప్పట్లో ఇక్కడి కేసుల మీద ఆఖరి అప్పీలు వినే లండన్ కోర్టు) బాధ్యత అతనిదే అంది. పిడుగు పెట్టిన నిప్పుకే అలా అంటే, చేత్తో అంటించినదాని సంగతేంటి? మొద్దుల వేళ్లలో నిప్పు రోజుల తరబడి లోలోపల రగులుతూనే ఉంటుంది, అది ఈ పని చేసేవాళ్లందరికీ తెలుసు. ఆ తొమ్మిది రోజుల్లో ఎవరొచ్చి చూశారు, ఎన్నిసార్లు? ఆ రికార్డు రాతపూర్వకంగా అడగండి.

జవాబు 3:
ఒక్కర్నే పట్టుకుంటే దెబ్బతింటారు. విక్టోరియాలో రాంగ్స్ యాక్ట్ (నష్టపరిహారం చట్టం) ప్రకారం ఆస్తి నష్టాన్ని తప్పు చేసినవాళ్ల మధ్య వాటాలు వేస్తారు. కాంట్రాక్టరు వాటా 40 శాతం అని తేలిందనుకోండి, ఆ 40 కంపెనీ కట్టకపోవచ్చు, అతని దగ్గర్నుంచే రాబట్టుకోవాల్సి రావచ్చు. ఇద్దర్నీ కలపండి. గడువు ఆరేళ్లుందని కూర్చోకండి, బూడిద వానకి కొట్టుకుపోతుంది. ముందు మీ ఇన్సూరెన్స్‌కి చెప్పండి, కట్టిన డబ్బు అవతలివాళ్ల నుంచి రాబట్టుకోవడం వాళ్లే చూస్తారు. ఈలోగా కంపెనీ కొంత డబ్బు చేతిలో పెట్టి సంతకం అడిగితే లాయరు చూసేదాకా పెట్టకండి. ఇంకోటి, అడిగినందుకు ఏమనుకోవద్దు, మీ వైపు ఫైర్‌బ్రేక్ (మంట దాటకుండా గడ్డి తీసేసి ఉంచే ఖాళీ పట్టీ) ఉందా? లేకపోతే ముందు దాన్నే పట్టుకుంటారు.

ప్రశ్న అడిగినవారు:
నాలుగు మీటర్లు దున్ని ఉంచాను, మార్చిలో తీసిన ఫొటో కూడా ఉంది. ఇది చదివాక కంచె దగ్గరకెళ్లి చూశాను. వాళ్ల చివరి వరసలో ఒక మొద్దు పక్కన గొయ్యి పడింది, కర్రతో కెలికితే లోపల్నుంచి ఇంకా పొగ. వీడియో తీసి, ఫైర్ బ్రిగేడ్‌కి ఫోన్ చేశాను, వస్తున్నారు.