నడుము కింద స్పర్శ లేదు, వచ్చే నెలలో మంచు మీదికి: సిట్-స్కీ మొదలుపెట్టినవారి అనుభవాలు కావాలి

ఆరో లేన్:
పదకొండేళ్లు 400 మీటర్ల హర్డిల్స్ పరిగెత్తాను. పదహారు నెలల క్రితం రోడ్డు ప్రమాదంలో వెన్నుపాము టి-11 (ఛాతీ వెన్నుపూసల్లో పదకొండోది) దగ్గర పూర్తిగా దెబ్బతింది. నడుము కింద కదలికా లేదు, స్పర్శా లేదు. పునరావాస కేంద్రంలో పరిచయమైన ఒక పెద్దాయన చెప్పగా చెప్పగా చివరికి ఐదు రోజుల సిట్-స్కీ (సీటులో కూర్చుని మంచు మీద జారే స్కీ) శిక్షణకు పేరిచ్చాను. ప్రమాదానికి ముందు కూడా స్కీలు తొడిగి ఎరగను.

పడతానన్న భయం లేదు. హర్డిల్స్ పరిగెత్తేవారికి పడటం కొత్త కాదు. నన్ను వేధిస్తున్నవి వేరు. స్పర్శ లేని కాళ్లను అంత చలిలో గంటల తరబడి ఉంచితే ఏమవుతుంది? సీటులో కూర్చుని ఒకే ఒక్క స్కీ మీద మలుపు ఎలా తిరుగుతారు? మూడోది అడగడానికే ఇబ్బందిగా ఉంది. మొదటి హర్డిల్‌కు 45 మీటర్లు, ఆ తర్వాత ప్రతి 35 మీటర్లకు ఒకటి, పదోది దాటాక 40 మీటర్లు. వాటి మధ్య నా అడుగులెన్నో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. అలాంటి చోటు నుంచి వచ్చి మళ్లీ ఓనమాల దగ్గర కూర్చున్నవారు ఇక్కడ ఉంటే, ఆ మొదటి రోజులు ఎలా గడిచాయో దాచకుండా రాయండి.

ఒంటిస్కీ:
ఏడు చలికాలాలుగా మోనోస్కీ మీద ఉన్నాను. నాది టి-10. ముందు సీటు గురించి చెబుతాను. మీ రెండో ప్రశ్నకు సగం జవాబు అందులోనే ఉంది.

నిలబడి స్కీ చేసేవారికి బూటు ఎలాంటిదో మనకు సీటు అలాంటిది. బూటు వదులైతే కాలు కదిలినా స్కీ కదలదు. మన విషయంలో కాలు చేసే పని తుంటి చేయాలి. తుంటికీ సీటుకూ మధ్య వేలు దూరేంత సందు ఉన్నా మీ మాట స్కీకి చేరదు. నా మొదటి ఉదయమంతా గదిలోనే గడిచింది. ఫోమ్ ముక్కలు కోసి పక్కల దూర్చడం, పట్టీలు బిగించడం, విప్పడం, మళ్లీ బిగించడం. కిటికీ బయట అందరూ జారుతుంటే నాకు ఏడుపొచ్చినంత పనైంది. రెండో ఏడాది ఆ పని సగంలోనే ఆపించి వాలు మీదికి వెళ్లాను. మూడు రోజులు స్కీ నా మాట వినలేదు. తిరిగి వచ్చి మొదటి నుంచి అమర్చుకోవలసి వచ్చింది.

సీటు కింద షాక్ అబ్జార్బర్, దాని కింద ఒకే స్కీ. చేతుల్లో ఔట్‌రిగ్గర్లు ఉంటాయి, మోచేతి కర్రల చివర చిన్న స్కీలు బిగించినట్టు. మలుపు చేతులతో తిప్పేది కాదు. ముందు చూపు తిరగాలి, ఛాతీ వాలు వైపు ఒరగాలి, దాంతో తుంటి సీటును వంచి స్కీని అంచు మీదికి తేవాలి. ఔట్‌రిగ్గర్ మంచును తాకుతూ తూకం చెబుతుంది, అంతే. కొత్తలో అందరం దాని మీద బరువు వేసి ఆనుకుంటాం. ఆనుకున్న క్షణంలోనే స్కీ అంచు పట్టు వదిలేస్తుంది.

ఇంకొక్క మాట, దీన్ని మాత్రం మరవకండి. పడేటప్పుడు చెయ్యి చాపవద్దు. కుర్చీ నుంచి మంచానికి, మంచం నుంచి కుర్చీకి మారడం ఇప్పుడు మీ భుజాల మీదే ఆధారపడి ఉంది. భుజం జారితే పోయేది ఆట ఒక్కటే కాదు. చేతులు దగ్గరకు లాక్కుని పక్కకు దొర్లండి.

వెన్నుదన్ను:
నేను ఫిజియోథెరపిస్టును. వెన్నుపాము దెబ్బతిన్న క్రీడాకారులతో పనిచేస్తాను. చలి గురించి కాస్త వివరంగా రాయనివ్వండి, ఎందుకంటే ఈ విషయంలో అజాగ్రత్త వల్ల నెలల తరబడి మంచం పట్టినవారిని చూశాను.

దెబ్బ ఎంత పైన ఉంటే శరీరం వేడిని నిలుపుకోవడం అంత కష్టం. మీది టి-11 కాబట్టి పై భాగం చాలావరకు సాయపడుతుంది. అయితే కాళ్ల కండరాలు వణికి వేడి పుట్టించలేవు. వేళ్లు మొద్దుబారుతున్నాయన్న కబురు మీకు రాదు. కాబట్టి గడియారాన్నే మీ స్పర్శ అనుకోండి. గంటకొకసారి లోపలికి వచ్చి బూటు, మేజోడు విప్పి వేళ్లను కంటితో చూడాలి. చర్మం పాలిపోయి మైనంలా కనిపిస్తే అది మంచు దెబ్బకు మొదటి గుర్తు. రుద్దకండి. హీటరు దగ్గర పెట్టకండి, వేడినీళ్ల సంచీ ఆనించకండి. కాలినా మీకు తెలియదు. వేడెక్కే మేజోళ్ల విషయంలోనూ ఇదే భయం. బూటు ఒక సైజు పెద్దది తీసుకుని లోపల పొడి ఉన్ని మేజోడు వేయండి. బిగుతు బూటులో రక్తం ఆడదు.

రెండోది సీటు ఒత్తిడి. సాయంత్రం అద్దంతో పిరుదులు, తోకఎముక, తుంటి పక్కలు చూసుకోండి. ఎరుపు కనిపించి అరగంటలో తగ్గకపోతే మర్నాడు సీటులో కూర్చోవద్దు. ఐదు రోజుల శిక్షణలో ఒక రోజు పోతుందని బాధ కలుగుతుంది. పుండు పడితే మాత్రం పోయేది ఆ చలికాలమంతా.

మూడోది ఎముకలు. బరువు మోయని కాళ్లలో ఎముక పలచబడుతుంది. పడ్డాక నొప్పి లేదు కదా అని వదిలేయకండి. కాలు వాచినా, వెచ్చగా అనిపించినా, కండరాలు బిగుసుకుపోవడం ఉన్నట్టుండి పెరిగినా ఎక్స్-రే తీయించాలి.

ఇది చదివేవారిలో టి-6, అంతకంటే పైన దెబ్బ ఉన్నవారు ఉంటే: మూత్రాశయం నిండినా, పట్టీ ఎక్కడైనా నొక్కినా రక్తపోటు ప్రమాదకరంగా పెరగవచ్చు. తల పగిలిపోతున్నట్టు నొప్పి, ముఖం ఎర్రబడి చెమటలు. వెంటనే నిటారుగా కూర్చోబెట్టి, పట్టీలు వదులు చేసి, మూత్రం ఖాళీ చేయించి, వైద్య సాయం పిలవాలి. మరుగుదొడ్డి దూరమని నీళ్లు తాగడం మానేసేవారున్నారు. దయచేసి ఆ పని చేయవద్దు. విరామ వేళలను కాథెటర్ (మూత్రం తీసే గొట్టం) వేళలతో కలిపి ముందే రాసుకోండి.

తమ్ముడి తోడు:
మా తమ్ముడు మోనోస్కీ నేర్చుకున్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. ప్రతి పది అడుగులకూ చప్పట్లు కొట్టేదాన్ని. మూడో రోజు వాడు, ‘అక్కా, నేను బాగా చేసినప్పుడు మాత్రమే చప్పట్లు కొట్టు, ఏది బాగుందో నాకు తెలియాలి’ అన్నాడు. వాడు అంతకుముందు పదేళ్లు ఈతలో పోటీ పడినవాడు. మీ వెంట వచ్చేవారికి ఈ మాట ముందే చెప్పి ఉంచండి.

రెండు కర్రలు:
నాకు స్కీ నచ్చలేదు. ఇది కూడా ఒక అనుభవమే కాబట్టి రాస్తున్నాను. ఫుట్‌బాల్ ఆడేవాణ్ణి. వాలు మీద ఒంటరితనం భరించలేకపోయాను. పైనుంచి కిందికి నేనూ మంచూ తప్ప ఎవరూ లేరు. రెండో ఏడాది పారా ఐస్ హాకీకి మారాను. కూర్చునే స్లెడ్జికి కింద రెండు బ్లేడ్లు ఉంటాయి. చేతిలో రెండు పొట్టి కర్రలు, ఒక చివర మంచును గుచ్చి తోసుకునే పళ్లు, మరో చివర హాకీ బిళ్ల పక్‌ను కొట్టే బ్లేడు. 1994 లిల్లెహామర్ నుంచి శీతాకాల పారాలింపిక్స్‌లో ఉంది. ఢీకొట్టుకోవడం కూడా ఆటలో భాగమే. మొదటిసారి ఎవరో నన్ను గోడకేసి గట్టిగా ఢీకొట్టినప్పుడు ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను. ప్రమాదం తర్వాత రెండేళ్లపాటు నన్నందరూ గాజు బొమ్మలా పట్టుకున్నారు మరి.

మీకు స్కీ కుదరకపోతే మంచు మీద దారి మూసుకుపోయినట్టు కాదని గుర్తుంచుకోండి.

జంట అంచు:
ఒంటిస్కీ గారి మాటల్లో ఒకదానితో నేను ఏకీభవించను. రాసినదంతా మోనోస్కీ గురించే ఉంది. కొత్తవారికి బై-స్కీ మంచిదని నా అభిప్రాయం. సీటు కింద రెండు స్కీలుంటాయి, తూకం సులువు, వెనుక నుంచి శిక్షకుడు తాడుతో అదుపు చేస్తాడు. మొదటి రోజే పైనుంచి దిగవచ్చు. కొండ పై నుంచి చుట్టూ చూసిన ఆ పది నిమిషాల కోసమే నేను మర్నాడు లేచాను.

ఒంటిస్కీ:
జంట అంచు గారూ, నడుము పట్టు లేనివారికి, చేతుల్లో బలం తక్కువైనవారికి మీ మాట నూటికి నూరుపాళ్లు నిజం. కానీ టి-11లో పొట్ట కండరాలు చాలావరకు పనిచేస్తాయి. పైగా ఈయనో ఈవిడో పదకొండేళ్లు పోటీల్లో ఉన్న మనిషి. తాడు ఇంకొకరి చేతిలో ఉంటే మనసు ఊరుకోదు. చదునైన చోట ఒక రోజంతా పడుతూ లేస్తూ ఉన్నా సరే, మోనోస్కీతోనే మొదలుపెట్టమంటాను.

జంట అంచు:
అది శిక్షకుడు చూసి చెప్పవలసిన సంగతి. అయినా ఒక పూట బై-స్కీ మీద పైకి వెళ్లి రావడంలో నష్టం లేదన్న మాట మీద నేను నిలబడతాను.

ఎడమకాలు ముందు:
నాది వేరే దారి. ఎడమ మోకాలి కింద కాలు తీసేశారు. స్నోబోర్డు మీద ఉన్నాను. చలిలో మొండి భాగం కుంచించుకుని కృత్రిమ కాలి సాకెట్ వదులవుతుంది. మధ్యాహ్నానికి ఒక మేజోడు అదనంగా వేయాలి. చెమట పట్టిన లైనరు (సాకెట్ లోపలి మెత్తటి తొడుగు) ఆరకముందే మళ్లీ తొడిగితే చర్మం ఊడుతుంది. అందుకని రెండు లైనర్లు పెట్టుకుంటాను.

పరికరం గురించి ఒంటిస్కీ గారు అన్నది మా దగ్గర ఇంకా నిజం. అమెరికాకు చెందిన మైక్ షుల్ట్జ్ స్నోమొబైల్ (మంచు మీద నడిపే మోటారు బండి) పోటీదారు. 2008లో పోటీలో జరిగిన ప్రమాదంలో ఎడమకాలు మోకాలి పైదాకా పోయింది. నడకకు ఇచ్చిన కాలు పోటీకి పనికిరాదని, కొండ సైకిళ్లకు వాడే ఎయిర్ షాక్ అబ్జార్బర్‌తో తన మోకాలిని తానే తయారు చేసుకున్నాడు. 2018 ప్యాంగ్‌చాంగ్‌లో స్నోబోర్డ్ క్రాస్ స్వర్ణం గెలిచాడు. తనతో పోటీపడేవారికి కూడా ఆ మోకాళ్లు తయారు చేసి ఇచ్చాడు. ఆయన గెలుపుకంటే ఈ చివరి సంగతి నన్ను ఎక్కువగా కదిలిస్తుంది.

ఆరో లేన్:
అందరికీ కృతజ్ఞతలు. గడియారమే స్పర్శ అన్న మాట కాగితం మీద రాసి గోడకు అంటించాను. ఒక ప్రశ్న. పోటీల గురించి ఇప్పుడే ఆలోచించడం తప్పా? ఆలోచించకుండా ఉండలేకపోతున్నాను.

పొడవాటి ఊపిరి:
తప్పు కాదు. నేను దూరపరుగు నుంచి నార్డిక్ సిట్-స్కీకి, అంటే మంచు మీద దూరాలు సాగే స్కీకి, వచ్చాను. రెండు స్కీల మీద బిగించిన సీటు, చేతుల్లో కర్రలు, ఎక్కినా దిగినా చేతుల బలమే. పరుగులో పెంచుకున్న ఊపిరి నాకు వెంటనే అక్కరకొచ్చింది. స్కీతోపాటు తుపాకీ గురి కూడా ఉండే బయాథ్లాన్‌లో గుండె దడదడలాడుతుండగా 10 మీటర్ల దూరంలోని గురిని కొట్టాలి. మీ నాన్‌స్టాప్ 400 మీటర్లకు అది దగ్గరి చుట్టం.

ఒక పోలిక చెబుతాను. అమెరికా క్రీడాకారిణి అలానా నికోల్స్ 2000లో, పదిహేడేళ్ల వయసులో, స్నోబోర్డు మీద పల్టీ కొట్టబోయి పడి నడుము కింద చచ్చుబడింది. ముందు చక్రాల కుర్చీ బాస్కెట్‌బాల్‌లోకి వెళ్లి 2008 బీజింగ్‌లో స్వర్ణం గెలిచింది. మంచు మీద స్వర్ణం 2010 వాంకూవర్‌లో వచ్చింది. ప్రమాదానికీ దానికీ మధ్య దాదాపు పదేళ్లు. పోటీ గురించి ఆలోచించండి, తేదీ మాత్రం పెట్టుకోకండి.

ఒంటిస్కీ:
ఒక వివరం కలుపుతాను. కొండవాలు దిగే పోటీలైన పారా ఆల్పైన్‌లో కూర్చుని చేసేవారికి ఎల్‌డబ్ల్యు-10 నుంచి 12 వరకు తరగతులున్నాయి, నడుము పట్టును బట్టి. అందరూ ఒకే పతకం కోసం పోటీపడతారు కానీ, ఎక్కువ లోపం ఉన్నవారి సమయాన్ని ఒక గుణకంతో తగ్గించి లెక్కిస్తారు. మీ తరగతి వర్గీకరణ నిపుణులు ఒంటిని పరీక్షించి నిర్ణయిస్తారు. ఇక్కడ మేము ఊహించి చెప్పడం సరికాదు.

ఆరో లేన్:
తిరిగి వచ్చాను. నిన్న రాత్రే.

మొదటి రోజు సీటు, ఫోమ్, పట్టీలు. మీరు ముందే చెప్పకపోతే నేను కోపంతో వదిలేసి వెళ్లిపోయేంత పని చేసేదాన్ని. రెండో రోజు చదునులో పదిహేడుసార్లు పడ్డాను. లెక్కపెట్టాను. ఏడుసార్లు చెయ్యి చాపాను, మిగిలిన పదిసార్లు లాక్కున్నాను. మధ్యాహ్నం జంట అంచు గారి మాట విని బై-స్కీ మీద పైకి వెళ్లాను. లిఫ్టు దిగాక చాలాసేపు మాట రాలేదు. తాడు పట్టుకున్న శిక్షకురాలు కూడా మాట్లాడించలేదు. ఆమెకు నా కృతజ్ఞత ఎప్పటికీ ఉంటుంది.

మూడో రోజు సాయంత్రం కుడి తుంటి మీద ఎరుపు. ముప్పావు గంటైనా తగ్గలేదు. నాలుగో రోజు గది కిటికీ దగ్గర బోర్లా పడుకుని గడిపాను. ఏడ్చాను. ఎరుపు పోయింది. ఐదో రోజు ఉదయం ఆ పక్క ఫోమ్ పలచగా కోయించుకుని మళ్లీ కూర్చున్నాను.

ఆ రోజు శిక్షకురాలు వాలు మీద ఐదు చిన్న గుర్తులు పాతారు. నాకు హర్డిల్ కనబడితే దాన్నే చూసే అలవాటు. గుర్తును చూస్తే నేరుగా దాని మీదికే వెళుతున్నాను. ‘దాన్ని కాదు, దాని తర్వాతది చూడండి’ అన్నారామె. నాలుగోసారికి ఐదూ దాటాను. మూడో గుర్తుకూ నాలుగో గుర్తుకూ మధ్య నాకు తెలియకుండానే లోపల లెక్క మొదలైంది, ఒకటి, రెండు, మలుపు. పదహారు నెలలుగా ఆ లెక్క నాకు వినబడలేదు.

వచ్చే చలికాలానికి పేరిచ్చి వచ్చాను. ఒంటిస్కీ గారూ, సీటు పలచగా కోయించాక ఎడమ మలుపు మందగించినట్టు అనిపించింది. అది నా తుంటి లోపమా, ఫోమ్‌దా?

ఒంటిస్కీ:
ఫోమ్‌దే అయి ఉండాలి. కుడి పక్క పలచనైతే మీరు అటు జరుగుతారు, స్కీ ఎడమవైపు ఆలస్యంగా వంగుతుంది. ఈసారి పలచన చేయకుండా, ఎరుపు వచ్చిన చోట మాత్రమే గుంట తీయించండి. చుట్టూ ఉన్న ఫోమ్ అలాగే ఉండాలి. ఎరుపు ఎక్కడ వచ్చిందో ఇప్పుడే ఫొటో తీసి దాచుకోండి. వచ్చే ఏడాదికి గుర్తుండదు.