ఎయిర్ ఫ్రయర్‌లో పిజ్జా బేగెల్స్: రొట్టె తడిసిపోకుండా ఎలా చేయాలి?

ప్రశ్న:
మేము న్యూజెర్సీలో ఉంటున్నాము. పిల్లలు బడి నుంచి రాగానే తినడానికి చిన్న బేగెల్స్‌ను (మధ్యలో రంధ్రం ఉండే గుండ్రటి రొట్టెలను) అడ్డంగా కోసి, సాస్, చీజ్ వేసి, ఎయిర్ ఫ్రయర్‌లో 400 డిగ్రీల ఫారన్‌హీట్ వద్ద పెడుతున్నాను. పైన చీజ్ మాడిపోతోంది, కింద రొట్టె మాత్రం తడిగానే ఉంటోంది. పొరపాటు ఎక్కడో దయచేసి చెప్పగలరా?

జవాబు 1:
వేడి ఎక్కువైందండీ. ముందుగా ఏమీ వేయకుండా, కోసిన వైపు పైకి ఉండేలా పెట్టి 350 డిగ్రీల వద్ద 2 నిమిషాలు కాల్చండి. ఆ పైపొర కాస్త గట్టిపడితే సాస్‌లోని తడి లోపలికి త్వరగా దిగదు. తరువాత సాస్, చీజ్ వేసి అదే వేడిలో మరో 4 నిమిషాలు ఉంచి, చీజ్ కరిగిందో లేదో చూసుకోండి. సాస్ పలుచగా ఉంటే మరిగించి చిక్కబరచడం తప్పనిసరి, ఒక్కో ముక్కకు ఒక చెంచా చాలు.

జవాబు 2:
నీళ్లలో ఉంచి అమ్మే తాజా మొజరెల్లా చీజ్ చాలా తడి వదులుతుంది కనుక తేమ తక్కువగా ఉండే రకాన్ని తురిమి వాడండి. ఫ్యాన్ గాలికి తేలికైన ఉల్లి, క్యాప్సికం ముక్కలు ఎగిరిపోతాయి, అందుకే నేను వాటిని చీజ్ కింద పెడతాను.

ప్రశ్న అడిగినవారు:
మీరిద్దరూ చెప్పినట్లే చేశానండీ, అంచులు కరకరలాడాయి. పిల్లలు మళ్లీ అడిగి తిన్నారు. ఎంతో కృతజ్ఞతలు.