స్వస్థత కోసం ప్రార్థిస్తూనే డయాలసిస్‌కి వెళ్తే అవిశ్వాసమా?

కవిటి అమ్మాయి

అందరికీ వందనాలు. మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలం. నాన్నకి మూడేళ్లుగా డయాలసిస్. మంగళ, గురు, శనివారాలు పొద్దున్న ఆరింటి షిఫ్టు, నాలుగు గంటలు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు కొత్త కథేం కాదు, మా వీధిలోనే ముగ్గురున్నారు.

పోయిన నెల ఊళ్లో మూడు రోజులు ఉజ్జీవ కూడికలు పెట్టారు. బయట నుంచి వచ్చిన ఒక ప్రసంగీకుడు నాన్న తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి, "స్వస్థత జరిగిపోయింది. ఇంకా మిషన్ని నమ్ముకుంటే అది అవిశ్వాసం" అన్నాడు. మా అయ్యగారు, అంటే మా చర్చి పాస్టరు, అప్పుడు ఊళ్లో లేరు. ఆ శనివారం నాన్న వెళ్లలేదు. నేనూ గట్టిగా చెప్పలేదు, అది నా తప్పే. నిజంగానే జరిగిందేమో అని నాకూ ఒక మూల ఆశ. ఆదివారం ఆరాధనలో నిలబడి సాక్ష్యం కూడా చెప్పాడు. సోమవారం రాత్రి ఊపిరి ఆడక లేచి కూర్చున్నాడు. కాళ్లు దుంగల్లా వాచిపోయాయి. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్తుంటే, అంత ఆయాసంలోనూ "నా నమ్మకం సరిపోలేదేటమ్మా?" అని అడిగాడు.

ఇప్పుడు బాగానే ఉన్నాడు, అంటే మళ్లీ మామూలు షిఫ్టులు. బాగా లేనిది నేనే. లేవగానే నాన్న ఎడమ చేతిలో డయాలసిస్ సూదుల కోసం రక్తనాళాలు కలిపి కుట్టిన ఫిస్టులా మీద మూడు వేళ్లు ఆనించి చూడటం నాకు అలవాటు. చర్మం కింద తేనెటీగ తిరుగుతున్నట్టు జుమ్మని తగులుతుంది. అది తగలకపోతే గడ్డ కట్టిందన్నమాట. తగిలాక ప్రార్థన చేసుకునేదాన్ని. ఇప్పుడు వేళ్లు ఆనించడం ఒక్కటే మిగిలింది.

తాగడానికి రోజుకి ముప్పావు లీటరు నీళ్లు. అమ్మ సీసా మీద గోళ్ల రంగుతో మూడు గీతలు గీసింది, మాత్రలకి నీళ్లు కూడా అందులోంచే. తోట నిండా కొబ్బరిచెట్లు, బొండాం నీళ్లు మాత్రం పొటాషియం అని నాన్న ముట్టకూడదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మావి 40 చెట్లు పడిపోయాయి. మరుసటి ఏడాదే నాన్న మళ్లీ మొక్కలు వేశాడు, అప్పటికే క్రియాటినిన్ నాలుగు దాటింది, అంటే కిడ్నీలు చాలావరకు పాడయ్యాయి. నిరుడు మొదటి గెల దించాడు. వీధంతా పంచి, అందరూ తాగుతుంటే అరుగు మీద కూర్చుని చూశాడు.

నా ప్రశ్న ఒకటే. స్వస్థత కోసం ప్రార్థించడం, శనివారం ఆటో ఎక్కడం, ఈ రెండూ ఒకదానికొకటి అడ్డమా? దయచేసి వాక్యాలు కాపీ చేసి పెట్టొద్దు. వాట్సాప్‌లో రోజూ వస్తున్నాయి.

విశ్వాస వీరుడు

ప్రైజ్ ద లార్డ్ సిస్టర్. "సందేహించువాడు గాలిచేత రేపబడి ఎగిరిపడు సముద్ర తరంగమును పోలియుండును." యాకోబు 1:6. ఇంకా గట్టిగా పట్టుకోండి.

సిక్కోలు టెక్నీషియన్

పై బ్రదర్ గారు ఒక్క శనివారం మా వార్డుకి వచ్చి ఈ మాట చెప్పాలి.

సిస్టర్, నేను శ్రీకాకుళంలో డయాలసిస్ టెక్నీషియన్ని, చర్చిలో పెరిగినవాడినే. షిఫ్టు తప్పితే ఒంట్లో నీరు ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది, అది మీరు కళ్లారా చూశారు. పొటాషియం పెరిగితే మాత్రం కొందరికి ఆయాసం కూడా రాదు, నేరుగా గుండే ఆగిపోవచ్చు. కాబట్టి ఎవరు చెప్పినా, ఎవరి పేరుతో చెప్పినా మానొద్దు. వేళ్లు ఆనించి చూడటం కూడా మానకండి. ఆ జుమ్ముని మేం థ్రిల్ అంటాం. ఒకరోజు తగలకపోతే తర్వాతి షిఫ్టు దాకా ఆగకుండా అప్పుడే ఫోన్ చెయ్యండి. ఆ చేతికి బీపీ పట్టీ కట్టనివ్వకండి.

మా దగ్గరికి ఒక తాత వస్తాడు. సూది గుచ్చే ముందు కళ్లు మూసుకుని "ప్రభువా, ఈ గుంటడికి మొదటిసారే నరం దొరకాలి" అని పైకే ప్రార్థన చేస్తాడు. దొరికితే ఆమేన్. దొరక్కపోతే "ఇంకోపాలి చూడ్రా" అని చెయ్యి మళ్లీ చాపుతాడు. ఈయనకి విశ్వాసం లేదంటే నేనొప్పుకోను.

బొబ్బిలి మాస్టారు

అమ్మా, వాక్యాలు వద్దన్నావు కాబట్టి ఒక్క మాట గురించే రాస్తాను. బడిలో తెలుగు చెప్పి రిటైరైనవాడిని, నా చాదస్తం భరించాలి.

ఇంగ్లీషు బైబిల్లో హోప్ అని ఉన్న చాలా చోట్ల మన తెలుగు బైబిలు ఆశ అనదు, నిరీక్షణ అంటుంది. బయట మనం నిరీక్షణ అంటే ఎదురుచూడటం, బస్టాండులో చేసేది. తర్జుమా తేడాగా ఉందని కుర్రతనంలో అనుకునేవాణ్ని. మా ఆవిడకి కేన్సర్ వచ్చి, విశాఖలో ఆసుపత్రి వరండాలో నాలుగు నెలలు కూర్చున్నాక అనుకోవడం మానేశాను. ఆశపడటం మంచం మీద పడుకుని కూడా పడొచ్చు. నిరీక్షణకి బెంచీ, టిఫిన్ డబ్బా, టోకెన్ నంబరు కావాలి. ఆవిడ దక్కలేదు. అది దాచి నీకు ధైర్యం చెబితే నాకూ ఆ ప్రసంగీకుడికీ తేడా ఉండదు.

బైబిల్లో యిర్మీయా ప్రవక్త పొలం కొన్న సంగతి, 32వ అధ్యాయం, గుర్తుందా? బబులోను సైన్యం యెరూషలేమును ముట్టడించి ఉంది. ఊరు శత్రువు చేతికి పోతుందని చెప్పినందుకే ఆయన్ని ఖైదులో పెట్టారు. ఆ ఖైదులో ఉండే తన సొంతూరు అనాతోతులో పొలం కొన్నాడు. 17 తులాల వెండి తూచి, సాక్షుల చేత సంతకాలు పెట్టించి, చాలా రోజులు ఉండాలని ఆ పత్రాలను మట్టికుండలో దాయించాడు. మన రిజిస్ట్రారు ఆఫీసు దగ్గర దస్తావేజు లేఖరులు వింటే నవ్వుతారు.

క్రియాటినిన్ నాలుగు దాటాక, ఆరేళ్లకి గాని కాయని మొక్క పాతాడు మీ నాన్న. నమ్మకం సరిపోలేదేటి అని అడగాల్సిన మనిషేనా ఆయన? ఈ మాట నువ్వే చెప్పు. సాక్ష్యం చెప్పిన రెండో రోజే మళ్లీ మిషన్ ఎక్కాల్సి వచ్చిందని చర్చిలో మొహం చూపించలేకపోతున్నాడేమో, అదీ కనుక్కో. ఇక ఆ ప్రసంగీకుడి సంగతి మీ అయ్యగారికి చెప్పి తీరాలి. మొహమాటపడకు, రేపు ఇంకో ఇంట్లో ఇంకొకరు మానేస్తారు.

కవిటి అమ్మాయి

మాస్టారూ, మీరన్నది నిజమే. నాన్న మూడు ఆదివారాలుగా చర్చికి రావట్లేదు, నీరసం అంటున్నాడు. నీరసమే అనుకున్నాను.

అయ్యగారికి చెప్పాను. ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "ఈ శనివారం ఆటోలో నేను కూర్చుంటాను, నువ్వు ఇంట్లో పడుకో" అన్నారు.

టెక్నీషియన్ గారికి థ్యాంక్స్. తాత మాట చెబితే నాన్న చాలా రోజుల తర్వాత నవ్వాడు.

ఈ పొద్దున్న ఫిస్టులా మీద వేళ్లు ఆనించి, యిర్మీయా కథ నాకు గుర్తున్నంత చెప్పాను. అంతా విని నాన్న, "17 తులాలు సరే, ఎన్ని సెంట్లట? నుయ్యుందా?" అన్నాడు. వెతికాను, ఎక్కడా కనపడలేదు. అయ్యగారిని అడుగుతాడట, శనివారం.