యమాతారాజభానస... చివర ‘లగం’ ఆ, ‘లగా’ నా?

నల్లగొండ: గణసూత్రం (ఏ అక్షరం నుంచి మూడు చదివితే ఆ పేరు గణం వస్తది) ‘యమాతారాజభానస’ దాకా నోటికి వస్తది. చివర ‘లగం’ ఆ, ‘లగా’ నా? పొద్దటి నుంచి తెగుతలేదు.

దేవరకొండ: ‘సలగం’ అన్నా. సున్న ఉంది కాబట్టి గురువు.

వనపర్తి: ‘సలగాః’ అని చదివినోళ్లు కూడ ఉన్నరు. విసర్గ ఉన్నా లేకున్నా గురువే.

గద్వాల: హ్రస్వం ‘గ’ మాత్రం ఒద్దు. పెడితే స-గణం పోయి న-గణం రెండుసార్లు వస్తది. ఇంకోటి చూడుండ్రి: చివరి ‘లగం’, మొదటి ‘యమా’ రెండూ లఘువు-గురువే. ఆ చివరి రెండూ తీసేసి గుండ్రంగ రాస్తే ఎనిమిది అక్షరాల్లోనే ఎనిమిది గణాలు దొరుకుతయి.

దేవరకొండ: సార్ లెక్కల్లకు దిగిండు!

గద్వాల: దిగుత మరి. రెండు గణాలను అక్షరానికి అక్షరం కలుపు: ఒకే తీరువైతే లఘువు, వేరైతే గురువు. ‘ల’ అంటే లఘువు, ‘గ’ అంటే గురువు అనుకో: య (లగగ), ర (గలగ) కలిస్తే త (గగల). ఎనిమిదీ కలిసి వినిమయ సమూహం (ఏ రెండు కలిపినా అండ్లదే వస్తది, ముందు-వెనక మార్చినా ఫలితం అదే), న-గణం తత్సమాంశం (దేనితో కలిపినా అది మారదు). క్యారెక్టర్ అంటే ప్రతి మూలకానికి ఒక సంఖ్య వేసుడు, రెండు మూలకాలు కలిస్తే వాటి సంఖ్యల గుణకారం రావాలె. ఇసొంటి సమూహానికి మూలకాలెన్నో క్యారెక్టర్లన్ని, అంటే ఇక్కడ ఎనిమిది. వినిమయం కాని సమూహాలకు క్యారెక్టర్లు కట్టింది జర్మన్ గణితజ్ఞుడు ఫ్రొబేనియస్, 1896ల. మన ఎనిమిదిట్ల నాకు ఇష్టమైనది ఇది: గురువుకో మైనస్ ఒకటి, లఘువుకో ప్లస్ ఒకటి వేసి గుణించు. న, య, ర, తలకు ప్లస్. మ, భ, జ, సలకు మైనస్. ఇప్పుడు మాత్రలు (లఘువుకు ఒకటి, గురువుకు రెండు) లెక్కపెట్టు. ప్లస్ వచ్చినయన్నీ బేసి, మైనస్ వచ్చినయన్నీ సరి!

వనపర్తి: బాగుంది సార్. కానీ రంగనాథ రామాయణం రాసిన మా గోన బుద్ధారెడ్డి ద్విపదకు ఇది పనికిరాదు. పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం. ఇంద్రగణాల్ల భ ఉంది, ర, త ఉన్నయి. మీ లెక్కన భ మైనస్, మిగిలిన రెండూ ప్లస్. చెవికి మాత్రం మూడూ ఒక్క ఇంటివే. పాడి చూడుండ్రి.

దేవరకొండ: ఉత్పలమాల, చంపకమాల రెండింటికీ పాదానికి 28 మాత్రలే. అక్కడ సరిపోతది కద?

వనపర్తి: అవి వృత్తాలు తమ్మీ, గణాలు కట్టేసినయి. ద్విపదల కవి ఎంచుకుంటడు. నల, నగ, సల నాలుగేసి అక్షరాలయి, వాటికి సార్ సమూహంల జాగనే లేదు.

గద్వాల: నాలుగక్షరాలకు 16 మూలకాల సమూహం కావాలె. అందుల మల్ల భ, ర, త పట్టవు. రెంటినీ కలిపే సమూహం నాకింకా చిక్కలేదు.