మాక్రమే ముడులు మెలితిరిగిపోతున్నాయి, ఎక్కడ తప్పు చేస్తున్నాను?

మేడమీద మొక్కలు (విజయనగరం)

అందరికీ నమస్కారం. మా ఇల్లు గంటస్తంభానికి పది నిమిషాల నడక. పాప బడికి వెళ్ళాక మధ్యాహ్నం రెండు గంటలు నావి. బాల్కనీ చిన్నది. మనీప్లాంట్ కుండీలు నేలమీద పెడితే బట్టలు ఆరేయడానికి చోటు ఉండట్లేదు. అందుకే పైనుంచి వేలాడదీసే మాక్రమే (తాళ్ళకి ముడులు వేసి అల్లే పని) హ్యాంగర్ సొంతంగా చేసుకుందామని మొదలుపెట్టాను.

3 మి.మీ. కాటన్ తాడు ఆన్‌లైన్‌లో తెప్పించాను. ఒంటి పేటది, మెత్తగా ఉంది. వీడియో చూసి స్క్వేర్ నాట్ వేస్తున్నాను. ఒక్కో ముడి విడిగా చూస్తే బాగానే ఉంది. పది వేసేసరికి పట్టీ అంతా గుండ్రంగా మెలితిరిగిపోతోంది. వీడియోలో ఆవిడది చాపలా తిన్నగా ఉంది. మూడుసార్లు విప్పాను. విప్పిన ప్రతిసారీ తాడు దూదిలా రేగిపోతోంది. పైగా రెండు మీటర్ల చొప్పున కోసుకున్న తాళ్ళు సగం కూడా రాకుండానే అయిపోయాయి.

పైడితల్లమ్మ పండగకి మా ఆడపడుచు వస్తుంది. సిరిమాను చూసి తిరిగి వెళ్ళేటప్పుడు తన చేతిలో నేను చేసిన ఒక్క హ్యాంగరైనా పెట్టాలని నా కోరిక. ఇలాగే ఉంటే అవుతుందా అని టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్ళు చెప్పండి.

ఆమదాలవలస పిన్ని

అమ్మా, నీ ముడి బాగానే ఉంది, వరసే తప్పింది. నువ్వు ప్రతిసారీ ఎడమ తాడుతోనే మొదలుపెడుతున్నావు. స్క్వేర్ నాట్ అంటే రెండు సగాలు. మొదటి సగం ఎడమ నుంచి వేస్తే రెండో సగం కుడి నుంచి వేయాలి. రెండూ ఒకే పక్క నుంచి వేస్తే అది మెలి పట్టీ అవుతుంది. అది కూడా ఒక డిజైనే, కావాలని వేస్తారు. కనుక నువ్వు చేసింది పారేయకు.

ఇంత చెప్పినా వేసేటప్పుడు "ఇప్పుడు ఎడమా, కుడా" అని మర్చిపోతాం. ఎవరో పిలుస్తారు, కుక్కర్ కూత వేస్తుంది, తిరిగొచ్చేసరికి లెక్క పోతుంది. నేను పట్టుకున్న కిటుకు చెబుతాను. ఒక్కో పట్టీకి నాలుగు తాళ్ళు. మధ్య రెండూ కదలవు, పక్క రెండే పని చేస్తాయి. ఆ రెండింట్లో ఒకదాని కొసకి ఎర్ర దారం కట్టు. ఎర్ర దారం ఉన్న తాడు ఎప్పుడూ మధ్య తాళ్ళకి ముందు నుంచే వెళ్ళాలి, రెండోది ఎప్పుడూ వెనక నుంచే రావాలి. ఎర్ర తాడు ఎడమకి వస్తే ఎడమ నుంచి, కుడికి వస్తే కుడి నుంచి. అంతే, లెక్కపెట్టే పని లేదు. మా కోడలికి ఇలాగే నేర్పాను, అరగంటలో చెయ్యి తిరిగింది.

పొడవు సంగతి. ముడులతో నిండిన పట్టీ ఎంత కావాలో, ముడి వేసే తాడు దానికి నాలుగింతలు ఉండాలి. మనం మధ్యకి మడిచి రింగులో వేస్తాం కాబట్టి కోసేటప్పుడు ఎనిమిదింతలు. నువ్వు కోసిన రెండు మీటర్లు మడిస్తే ఒక్కటే మీటరు, అందుకే చాలలేదు. తాడు మిగిలితే కింద కుచ్చు అవుతుంది, తక్కువైతే మాత్రం అతుకు పెట్టాలి. మొదటిదానికి ధారాళంగా కోసుకో.

అసలు ఈ హ్యాంగర్ మనకి కొత్తది కాదు. పలాస దగ్గర మా అత్తవారింట్లో వంటింటి దూలానికి గోగునార ఉట్టి ఉండేది. పిల్లికి అందకుండా పెరుగు కుండ అందులో పెట్టేవాళ్ళు. మా అత్తగారు నార తడిపి, పేని, ఆవిడే అల్లేవారు. కొత్త కోడలిగా నేను పక్కన కూర్చుని చూసేదాన్ని. పైన ఒక్కచోట కట్టడం, పాయలు విడదీయడం, కుండ కడుపు దగ్గర పక్క పాయతో కలపడం, అడుగున అన్నిటినీ ఒక్కటి చేయడం. ఇవాళ మాక్రమే పేరుతో చూపిస్తున్నదీ ఇదే. ఆవిడ వేలితో కొలిచేవారు, మనం టేపుతో కొలుస్తున్నాం. ఆవిడ ఉన్నప్పుడే చెయ్యి పెట్టి నేర్చుకోలేదని నాకు ఇప్పటికీ బాధ.

ఆరంగుళాల కుండీకి నా కొలతలు రాస్తున్నాను. నాలుగేసి మీటర్ల తాళ్ళు ఎనిమిది, మీటరు ముక్కలు రెండు. ఎనిమిదీ రింగులో దూర్చి సగానికి మడిస్తే పదహారు పాయలు. రింగు కింద మీటరు ముక్కతో బిగించి చుట్టు. నాలుగేసి పాయలు విడదీసి ఒక్కో దానికి 15 సెం.మీ. స్క్వేర్ నాట్లు వెయ్యి. తరవాత 20 సెం.మీ. ఖాళీ వదులు. ఇప్పుడు ఒక గుంపులోంచి రెండు, పక్క గుంపులోంచి రెండు తీసుకుని ఒక్క ముడి. అలా చుట్టూరా నాలుగు ముడులు. ఇంకో 10 సెం.మీ. కిందికి దిగి మళ్ళీ పక్కవాటితో కలుపు. ఇంకో 10 దిగాక అన్నీ కలిపి రెండో మీటరు ముక్కతో చుట్టేయి. మిగిలింది కుచ్చు.

రేగిపోయిన తాడు గురించి దిగులుపడకు, దువ్వెనతో దువ్వితే అది కుచ్చుకి బాగుంటుంది. చెయ్యి తిరిగేదాకా మాత్రం మంచి తాడు ముట్టుకోకు. ఫ్యాన్సీ షాపులో లంగా బొందుల కట్ట కొని, కిటికీ ఊచకి కట్టుకుని దానిమీద నేర్చుకో. ఎన్నిసార్లు విప్పినా అంతగా చెడదు. తరవాత కొనేటప్పుడు మూడు పేటల తాడు తీసుకో, ఒంటి పేటకంటే గట్టిగా నిలుస్తుంది.

భావనపాడు తీరం

అక్కా, మాది వలల ఇల్లు. మాక్రమే నాకు రాదు కానీ ఖాళీలు సమానంగా రావడానికి ఒక మాట. వల అల్లేటప్పుడు కన్ను పెద్దదీ చిన్నదీ కాకుండా మా నాన్న ఒక చెక్కముక్క వాడతాడు. ప్రతి కన్నూ దాని చుట్టూ తిప్పే ముడి వేస్తాడు. మీరు 10 సెం.మీ. అట్టముక్క కోసి పాయల వెనక పెట్టుకోండి, ముడి సరిగ్గా అట్ట అంచుకి ఆనాలి. టేపుతో ప్రతిసారీ కొలిస్తే అటూ ఇటూ అవుతుంది, కుండీ ఒక పక్కకి ఒరుగుతుంది.

ఇంకోటి, పొడవాటి తాళ్ళు చిక్కుపడకుండా ఒక్కోదాన్నీ రెండు వేళ్ళ మధ్య ఎనిమిది అంకెలా చుట్టి రబ్బరు బ్యాండు వేయండి. ఓడల మీద నావికులు కూడా ఇలాంటి ముడులతోనే పట్టీలు, అంచులు అల్లేవారని చదివాను. మా నాన్నకి చెబితే చాలా సంతోషపడ్డాడు.

బొబ్బిలి నుంచి

బాల్కనీలో వాన జల్లు పడుతుందా? పడితే కాటన్ వద్దు. నా మొదటిది వర్షాకాలం అంతా బయటే ఉంది, కుండీ ఆనే చోట నల్లగా బూజు పట్టింది, మొక్క మార్చబోతే పాయ తెగింది. జల్లు తగిలే వైపు నైలాన్ తాడుతో చేశాను, కొసలు అగ్గిపుల్లతో కాల్చి అతికిస్తే ఊడవు. లోపలికి, ఆడపడుచుగారికి ఇచ్చేదానికి కాటనే బాగుంటుంది.

మేడమీద మొక్కలు (విజయనగరం)

పిన్నిగారూ, ఎర్ర దారం కట్టాను. మొదటి పట్టీ 15 సెం.మీ. తిన్నగా వచ్చింది! ఫోటో తీసి మావారికి పంపించాను. లంగా బొందులు రెండు రోజుల్లో అయిపోయాయి, నిన్నటి నుంచి అసలు తాడు మీదే. తమ్ముడూ, అట్టముక్క వల్ల నాలుగు పక్కలూ ఒక్కలా వచ్చాయి, నాన్నగారికి నా నమస్కారాలు చెప్పు. బొబ్బిలివారూ, మా బాల్కనీకి పడమటి జల్లు తగులుతుంది, ఆ మూలకి నైలానే చేస్తాను.

ఒక్కచోట ఆగిపోయాను. అడుగున చుట్టింది వదులై జారుతోంది. ముడి వేస్తే ఎత్తుగా కనిపిస్తోంది. దాన్ని ఎలా ముగించాలి?

ఆమదాలవలస పిన్ని

చుట్టే ముందు ఆ ముక్కని పాయల మీద పొడుగ్గా, ఉచ్చులా మడిచి పెట్టాలమ్మా. ఉచ్చు కిందికి, చిన్న కొస పైకి. పొడుగు కొసతో పైనుంచి కిందికి బిగువుగా ఏడెనిమిది చుట్లు చుట్టు. ఉచ్చు కొంచెం బయటికి కనిపించాలి. చుట్టిన కొసని అందులో దూర్చి, పైన ఉన్న చిన్న కొస లాగు. ఉచ్చు చుట్లలోకి వెళ్ళిపోతుంది. సగం దూరం వెళ్ళాక ఆపి, రెండు కొసలూ కత్తిరించు. ముడి కనిపించదు, జారదు.

మొక్క పెట్టేముందు ఆ సైజు గిన్నెలో నీళ్ళు నింపి ఒక రాత్రి వేలాడదీసి చూడు. తడి మట్టి బరువు మనం అనుకున్నదానికంటే ఎక్కువ ఉంటుంది, కాటన్ కొంచెం సాగుతుంది కూడా. పొద్దున్నకి గిన్నె తిన్నగా నిలిచి ఉంటే ఆడపడుచుకి ఇచ్చేయొచ్చు.