పార్కు కచేరీలకు చెక్క క్లారినెట్: ఎండకి, గాలికి ఏం జాగ్రత్తలు?

మూడో_క్లారినెట్ అడిగారు:

అందరికీ నమస్కారం. డల్లాస్ దగ్గర ఒక కమ్యూనిటీ బ్యాండులో వాయిస్తున్నాను. ఇన్నాళ్ళూ రిహార్సల్స్, కచేరీలు అన్నీ ఏసీ హాల్లోనే. జూన్ చివరి నుంచి జులై 4 దాకా మూడు కచేరీలు పార్కులో పెట్టారు. సాయంత్రం 7:30కి మొదలు, పైన కప్పు లేదు, గడ్డి మీద కుర్చీలు. ఆ టైముకి కూడా 36 డిగ్రీలు ఉంటుంది. నాది గ్రెనడిల్లా చెక్క బీ-ఫ్లాట్ క్లారినెట్.

చెక్క పగులుతుందేమోనని మొదటి భయం. శ్రుతి ఎంత ఎక్కుతుంది, ఎలా సరిచేసుకోవాలి? గాలికి కాగితాలు ఎగరకుండా అయస్కాంతాలు కొందామనుకుంటున్నాను, పనికొస్తాయా? నేను అడగనివి ఏమైనా ఉంటే అవీ చెప్పండి.

బారెల్_66:

ప్లాస్టిక్ క్లారినెట్ అద్దెకి దొరికితే ఈ మూడు కచేరీలకీ అదే తీసుకోండి. బయట ఎవరికీ తేడా వినపడదు. చెక్కదే తప్పదంటే ఇలా.

పగులు వేడి ఒక్కదాని వల్ల రాదు. లోపలి గొట్టం మీ ఊపిరి తడికి ఉబ్బుతుంది, బయటి చెక్క ఎండకి ఆరి బిగుసుకుంటుంది. ఆ రెండింటి లాగులాటలో పై జాయింటు (క్లారినెట్ పై ముక్క) చీలుతుంది, ఎక్కువగా ట్రిల్ కీల (పక్కన ఉండే చిన్న మీటల) రంధ్రాల దగ్గర. అందుకని ఏసీ కారులోంచి దిగగానే పెట్టె తెరవకండి. నీడలో మూసే ఉంచి 20-30 నిమిషాలు ఆగండి. పాటకీ పాటకీ మధ్య స్టాండు మీద ఎండలో నిలబెట్టకండి. ఒళ్ళో పెట్టుకుని తెల్ల తువ్వాలు కప్పండి, నల్ల చెక్క వేడిని ఇట్టే పీలుస్తుంది. జాయింట్ల చివర వెండి రింగులుంటాయి కదా, వాటిని వేలితో తిప్పి చూడండి. వదులుగా తిరుగుతుంటే చెక్క ఆరిపోయిందని లెక్క. ఆ రోజుకి ఆ వాయిద్యం పక్కన పెట్టేయాల్సిందే.

కారు డిక్కీలో మాత్రం పది నిమిషాలు కూడా వద్దు. రంధ్రాల్ని మూసే మెత్తల్ని, అంటే ప్యాడ్లని, పట్టుకుని ఉండేది లక్కో, వేడికి కరిగే జిగురో. మెత్తబడితే ప్యాడ్ ఒక పక్కకి ఒరిగి గాలి లీకవుతుంది, కింది స్వరాలు పలకవు. రీడు (నోటి దగ్గర అదిరే పలచటి రేకు) తప్పని తిట్టుకుంటూ నాలుగు రీడ్లు మార్చేస్తారు.

ఇక శ్రుతి. గాలి వేడెక్కితే అందులో ధ్వని వేగం పెరుగుతుంది, డిగ్రీకి సుమారు సెకనుకి 0.6 మీటర్లు. లెక్క ప్రకారం డిగ్రీకి 3 సెంట్లు (సెంటు అంటే అర స్వరంలో నూరో వంతు). హాల్లో 22 నుంచి పార్కులో 36కి వెళ్తే 42 సెంట్లు, అంటే అర స్వరంలో దాదాపు సగం. మీ ఊపిరి వేడి హాల్లోనైనా పార్కులోనైనా ఒకటే కనక క్లారినెట్‌లో నిజంగా అంత ఎక్కదు. ట్యూబాలాంటి పెద్ద గొట్టాల్లో ఎక్కువ తెలుస్తుంది. గ్లాకెన్‌స్పీల్ (కర్రలతో కొట్టే లోహపు రేకుల వాయిద్యం) రేకులు మాత్రం వేడికి కాస్త దిగుతాయి. మనం ఎక్కుతూ అది దిగుతూ ఉంటే ఆ గోల ఏ ట్యూనింగూ తీర్చలేదు.

శ్రుతి దించడానికి ముక్కల్ని కాస్త బయటికి లాగుతాం కదా, మొత్తం బారెల్ (నోటి ముక్క కింద ఉండే పొట్టి గొట్టం) దగ్గరే లాగకండి. అక్కడ లాగితే గొంతు స్వరాలు (జి, ఏ, బీ-ఫ్లాట్) మిగతావాటికన్నా ఎక్కువ దిగిపోతాయి. 1.5 మి.మీ. కావాలంటే 1 మి.మీ. బారెల్ దగ్గర, అర మి.మీ. మధ్య జాయింటు దగ్గర. ఇంకా చాలకపోతే బారెల్ సందులో ట్యూనింగ్ రింగు వేయండి, లేకపోతే ఆ ఖాళీలో నీరు చేరుతుంది.

స్టాండు_బరువు:

అయస్కాంతాలు కొనకండి. బ్యాండుల్లో ఎక్కువగా కనిపించే నల్ల మాన్‌హాసెట్ స్టాండు పలక అల్యూమినియంది, అయస్కాంతం దానికి అంటదు. మడత స్టాండుకి అంటినా, గాలికి ఆ స్టాండే లేచిపోతుంది.

స్ప్రింగు ఉన్న చెక్క బట్టల క్లిప్పులు ఒక్కో స్టాండుకి 4, జేబులో ఇంకో 2. కింది రెండు మూలలకి, పక్కలకి. పలచటి యాక్రిలిక్ షీటు పైన వేస్తే ఇంకా మేలు, కానీ పడమటి ఎండలో అది అద్దంలా మెరుస్తుంది, స్వరాలు కనపడవు. అలాంటప్పుడు క్లిప్పులే నయం.

అసలు చిక్కు పేజీ తిప్పేటప్పుడు. క్లిప్పు తీసిన ఆ ఒక్క క్షణం చాలు గాలికి. పేజీ తిప్పాల్సిన పాటలకి ముందే జిరాక్సు తీసి పక్కపక్కన టేపుతో అంటించుకోండి. ఇద్దరికి ఒకే స్టాండు అయితే లోపలి కుర్చీ (జనానికి దూరంగా ఉన్నది) వాళ్ళు వాయించడం ఆపి తిప్పాలి, బయటి వాళ్ళు వాయిస్తూనే ఉండాలి. ఇది ముందే మాట్లాడుకోండి. పాటలన్నీ వరసగా సర్దుకుని, అయిపోయినదాన్ని అడుక్కి తోసేయండి.

గుడారం వేస్తారేమో అడగండి. 10 అడుగుల చదరపు గుడారం అయితే ఒక్కో కాలికి 18 కిలోల బరువు కట్టాలి. మేకులు కొట్టాం కదా అని వదిలేస్తే ఒక్క ఈదురుగాలికి ఫ్లూట్ల మీద పడుతుంది.

మూడో_క్లారినెట్:

చాలా థాంక్సండీ. బ్యాండులో ఒకాయన, "బయట గట్టిగా ఊదు, లేకపోతే వినపడదు" అన్నారు. నిజమేనా? దోమలకి ఏం చేస్తారు? సూర్యాస్తమయం 8:40 దాకా కాదు, అప్పటికి అవి ముసురుకుంటాయి.

పికలో_వెనక:

గట్టిగా ఊదకండి. బయట గోడలు లేవు, మన శబ్దం మనకి తిరిగి రాదు. అందుకే వినపడనట్టు అనిపించి అందరూ బలం పెడతారు. రీడు త్వరగా చస్తుంది, శ్రుతి పోతుంది, డ్రమ్ములు ఎలాగూ పైకే వినిపిస్తాయి. హాల్లో ఎంతో అంతే ఊదండి. తాళానికి చెవి కాకుండా కండక్టరు కర్ర చూడండి. బ్యాండు 12 మీటర్లు వెడల్పు ఉంటే ఆ చివరి శబ్దం మీకు చేరడానికి 34 మిల్లీసెకన్లు పడుతుంది, విని వాయిస్తే మీరు వెనకే.

ఫ్లూట్, పికలో (చిన్న ఫ్లూట్) వాళ్ళ కష్టం వేరు. ఎదురుగాలి పెదవి రంధ్రం మీదుగా వీస్తే ధ్వనే పుట్టదు. గాలికి వీపు పెట్టి కూచోవాలి. జులై 4 అంటే సూసా రాసిన ‘స్టార్స్ అండ్ స్ట్రైప్స్ ఫరెవర్’ ఉండే ఉంటుంది, 1987 నుంచి అమెరికా జాతీయ మార్చ్ అదే. చివర్లో పికలోలు లేచి నిలబడి వాయించే ఆనవాయితీ. జనం వైపు నుంచి గాలి ఉంటే ఓ పక్కకి తిరిగి నిలబడమనండి.

దోమల మందులో డీట్ ఉంటే అది ప్లాస్టిక్‌ని, లక్కరు పూతని తినేస్తుంది. ప్లాస్టిక్ క్లారినెట్ తెస్తే మరీ జాగ్రత్త. పికారిడిన్ ఉన్నది కొనండి. ఏదైనా సరే, వాయిద్యం తీయకముందే, అరచేతులకి కాకుండా పూసుకుని, సబ్బుతో చేతులు కడుక్కోవాలి. సన్‌స్క్రీన్‌కీ ఇదే పద్ధతి. క్లిప్పు లైటు పసుపు రంగుది తీసుకోండి, తెల్ల లైటుకి పురుగులు ఎక్కువ చేరతాయి.

స్టాండు_బరువు:

ఒకటి మర్చిపోయాను. ఉరుము వినిపిస్తే వాయిద్యాలు సర్దుతూ కూచోకండి. మెరుపుకీ ఉరుముకీ మధ్య 30 సెకన్లు, అంతకన్నా తక్కువ అయితే అందరూ భవనంలోకో కార్లలోకో వెళ్ళిపోవాలి. చివరి ఉరుము విన్నాక 30 నిమిషాలు ఆగి బయటికి రావాలి. గుడారం కింద నిలబడటం లెక్కలోకి రాదు. అలాగే ప్రతి 15-20 నిమిషాలకి ఒక గ్లాసు నీళ్ళు, దాహం వేసేదాకా ఆగకుండా.

బారెల్_66:

చీకటి పడ్డాక వేడి తగ్గి శ్రుతి మళ్ళీ కిందికి వస్తుంది. విరామంలో బారెల్ కొంచెం లోపలికి నెట్టి మళ్ళీ చూసుకోండి. ఫోన్లో 440 (ఏ స్వరానికి ప్రామాణిక శ్రుతి, హెర్ట్జ్‌లో) చూసి కాదు, ట్యూబాని ఒక స్వరం పట్టమని దానికి కలపండి.